ఏడు దగ్గర ఆగే లెక్క

నేను చనిపోయానన్న సంగతి విజయవాడలో, కంటి ఆసుపత్రిలో, ఒక నర్సు చెబితే నాకు తెలిసింది. శుక్లం ఆపరేషనుకు ముందు కళ్ళలో చుక్కలు వేసి, రెప్పలు మూసుకుని కూర్చోమంటారు. ఆ గదిలో నాలాంటి వాళ్ళం వరసగా గోడకు ఆనుకుని, ఎవరి చీకట్లో వాళ్ళం కూర్చున్నాం. ఊరికే ఉండలేని నోరు నాది. చుక్కలు వేస్తున్న అమ్మాయిని "మీది ఏ ఊరమ్మా?" అని అడిగాను. కంకిపాడు అవతల ఒక ఊరి పేరు చెప్పింది. ఆ పేరు నా ఎదట ఎవరైనా పలికి ఎన్నేళ్ళయిందో. "అక్కడ హైస్కూలు ఉండాలి కదూ?" అన్నాను. అంతే, ఆ పిల్లకు మాట్లాడే మనిషి దొరికినట్టయింది. "నేను పది దాకా అక్కడే చదివానండీ. మా స్కూల్లో ఓ వింతుంది, చెప్తే నమ్మరు. ఎనిమిదో క్లాసు ఆడపిల్లల లైన్లో ఏడో చోటు ఖాళీగా వదిలేస్తాం. దివిసీమ ఉప్పెనలో పోయిన అమ్మాయిదండీ ఆ చోటు. ప్రేయర్లో నంబర్లు చెప్పేటప్పుడు ఆరు అయ్యాక అందరం ఆగుతాం. ఆ తర్వాతే ఎనిమిది. ఆ మధ్యలో ఒక్కోసారి వినపడుద్దండీ, ఏడూ అని. ఒట్టు. మంచు పట్టిన రోజున నేనే విన్నాను, నాదే ఎనిమిదో నంబరు!"

రెప్పలు తెరవబోయి మళ్ళీ మూసుకున్నాను. ఆ పిల్ల మాత్రం ఆగలేదు. "ఆ అమ్మాయికి ఆకలెక్కువంటండీ. మేం రేగొడియాలు పెట్టేవాళ్ళం ఆ చోట్లో. ఇప్పుడు పిల్లలు చిక్కీలు పెడుతున్నారంట. లెక్కల పరీక్షప్పుడు సుద్దముక్క పెడితే మార్కులు బాగా వస్తాయి." బతికుండగా రాని లెక్కలు చచ్చాక వచ్చాయన్నమాట అనుకున్నాను. "మా ఎస్తేరమ్మ టీచరుగారని ఉన్నారండీ. చదువుకునేటప్పుడు ఆ అమ్మాయి వెనకాలే నుంచునేవారంట. రిటైరైపోయినా రోజూ ప్రేయరుకి వస్తారు. ఆ చోటు ఎవరన్నా తొక్కితే ఊరుకోరు. మొన్నామధ్య కొత్త డ్రిల్లు సారు ఆ ఖాళీ లేకుండా లైను జరపబోతే పెద్ద గొడవైపోయింది." ఇంతలో లోపలి నుంచి ఎవరో "నాగరత్నంగారూ, రండి" అని పిలిచారు. నేను లేచాను. నా మోచేయి పట్టుకుని నడిపించడానికి వచ్చిన ఆ పిల్ల చెయ్యి చటుక్కున జారిపోయింది. "ఆ అమ్మాయి పేరు కూడా నాగరత్నమేనండీ" అంది. తెలుసమ్మా అనబోయి ఊరుకున్నాను. కత్తెరలు చేతపట్టే చోట పనిచేసే మనిషిని భయపెట్టడం నాకే మంచిది కాదు.

తపాలా శాఖలో గుమాస్తాగా చేరి, ఎక్కువ కాలం ఖమ్మం వైపే పనిచేసి, రిటైరయ్యాక విజయవాడలో చిన్న ఫ్లాటు కొనుక్కున్నాను. ఇంత దగ్గరకు వచ్చి కూడా బందరు రోడ్డు మీద బెంజి సర్కిలు దాటి ఎప్పుడూ పోలేదు. పెళ్ళిళ్ళకు పిలిచినా ఏదో వంక చెప్పేదాన్ని. ఆ రోడ్డు చివర మా ఊరు ఉండాలి, కానీ నేనెరిగిన ఊరు లేదు. అందుకని ఆ రోడ్డే లేదనుకుని బతికాను. ఇప్పుడు కంటికి గంత కట్టుకుని మంచం మీద పడుకుంటే ఒకటే ఆలోచన. అక్కడ పదమూడేళ్ళ పిల్లను చచ్చిపోయిందని చెప్పుకుంటూ ఎండలో, వానలో నిలబెట్టి ఉంచారు. ఆ పిల్ల నేనే. నేను వెళ్ళి చెప్పకపోతే నా తరవాత ఇంకెవరూ చెప్పలేరు. వెళ్ళి చెబితే మాత్రం ఎస్తేరు ఏమైపోతుంది? ఒక ఖాళీని జీవితమంతా కాపాడుకుంటూ వచ్చిన మనిషి ముందుకు పోయి, నీ కాపలా అంతా ఉత్తదేనే, నేను ఖమ్మంలో మనియార్డర్లు కట్టిస్తూ హాయిగా ఉన్నాను అని ఎలా చెప్పడం?

మా హైస్కూలును ఊరి రైతులే కట్టించారని చెప్పేవారు. ఒకాయన స్థలం ఇస్తే, మరొకాయన కలప ఇచ్చాడట, బళ్ళున్న వాళ్ళు ఇసుక తోలారట. మొదటి రెండు గదులూ అంతకు ముందు ధాన్యం కొట్లు. మేం చదివే నాటికి కూడా వానాకాలం వచ్చిందంటే ఆ గోడల్లోంచి ముక్కిన వడ్ల వాసన వచ్చేది. హాస్టల్లో సగం కడుపుతో లేచి వచ్చిన నాకు ఆ వాసనకే నోరూరేది. లెక్కల మాస్టారు బోర్డు మీద రాసింది చెరిపాక సుద్దపొడి నిండిన చేతిని తన నెత్తికే రాసుకునేవారు, మధ్యాహ్నానికి ఆయన జుట్టు మరి కాస్త నెరిసేది. తెలుగు మాస్టారు పద్యం అప్పజెప్పని వాళ్ళను మొక్కలకు నీళ్ళు పొయ్యమనేవారు. ఆయన పుణ్యమా అని స్కూలు తోట ఎప్పుడూ పచ్చగా ఉండేది. వార్షికోత్సవం వస్తే కూచిపూడి నుంచి ఒక పంతులుగారు వచ్చి, తొమ్మిదో తరగతి వాళ్ళకు నెల ముందు నుంచీ అడుగులు నేర్పేవారు. మేం కిటికీ ఊచలు పట్టుకుని, ఆ అడుగులే వరండాలో వేసి గచ్చు అదరగొట్టేవాళ్ళం. సైన్సు ఎగ్జిబిషన్‌కి నేను చేసిన నీటి మర ఒక్కసారి కూడా తిరగలేదు. అయినా పక్కనే నిలబడి, తిరిగితే ఎలా ఉంటుందో వచ్చినవాళ్ళందరికీ వివరించాను.

ఇవన్నీ ఏ స్కూల్లో అయినా ఉండేవే. మా స్కూలుకే ఉన్న పద్ధతి ఒకటుంది. అది మా డ్రిల్లు మాస్టారు పెట్టింది. ఆయన పట్టాళంలో చేసి వచ్చిన మనిషి. ప్రార్థనకు పొడుగు ప్రకారం మమ్మల్ని నిలబెట్టి, ఎవరి చోటు వాళ్ళకు ఖాయం చేసేవారు. పాట, ప్రతిజ్ఞ, వార్తలు అయ్యాక ఒక్కో లైనూ ముందు నుంచి వెనక్కి నంబర్లు చెప్పాలి. బడికి రాని పిల్ల చోటు ఖాళీగానే ఉండాలి, వెనక వాళ్ళు ముందుకు జరగకూడదు. ఆ పిల్ల నంబరు ఇంకెవరూ పలకకూడదు. దాని వంతు వచ్చినప్పుడు లైనంతా ఒక్క క్షణం నోరు మూసుకుని, తరవాత కొనసాగించాలి. ఆ సమయంలో మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడేవారు. "కళ్ళతో లెక్కపెడితే మోసపోతాం. లేనివాళ్ళు చెవికే తెలుస్తారు" అనేవారు. అంతమంది పిల్లలు ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు వచ్చే ఆ నిశ్శబ్దం నాకు చిన్నప్పుడే భయంగా ఉండేది. లేని పిల్ల అక్కడికి వచ్చి నిలబడి, చెప్పడానికి నోరు తెరుస్తున్నట్టే ఉండేది.

నాది ఏడు. ఎస్తేరుది ఎనిమిది. వాళ్ళ నాన్న ఆ ఊళ్ళోనే చిన్న చర్చికి పాస్టరు. ఇల్లు స్కూలు ప్రహరీకి ఆనుకునే ఉండేది. ఆదివారం హాస్టలు నుంచి బయటికి వదిలితే నేను తిన్నగా వాళ్ళింటికే పోయేదాన్ని. భక్తి కోసం కాదు, వాళ్ళమ్మ పెట్టే చేపల పులుసు కోసం. నేను కబుర్లలో పడో, కాకుల్ని చూస్తూనో నా నంబరు మరిచిపోతుంటే ఎస్తేరు వెనక నుంచి నా జడ చివర పట్టుకుని మెల్లగా లాగేది. లాగగానే నేను "ఏడు" అనేదాన్ని. ఏడాది పొడుగునా అదే మా ఒప్పందం. కార్తీకంలో తమ్ముడికి చెవులు కుట్టిస్తున్నామని దివిసీమలోని మా ఊరి నుంచి నాన్న కబురు పెట్టాడు. బట్టల సంచీ పట్టుకుని బస్సు ఎక్కుతుంటే ఎస్తేరు రోడ్డు దాకా వచ్చింది. "సోమవారం ప్రార్థనకల్లా వచ్చేస్తానే" అన్నాను. "నీ చోటు ఎవరికీ ఇవ్వన్లే, పో" అంది.

ఉప్పెన గురించి ఇక్కడ రాయను. రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళలో సగం మంది దాన్ని చూడలేదు. నీళ్ళు వచ్చాయి, పోయాయి. నాన్న, నేను మిగిలాం. అమ్మ, తమ్ముడు మిగల్లేదు. వాడి చెవులకు అప్పుడే కుట్టించిన బంగారు తీగెలు కూడా దొరకలేదు. నాన్న నన్ను తీసుకుని ఖమ్మం వైపు వాళ్ళ మేనమామ ఊరికి వెళ్ళిపోయాడు. ఉప్పెన బాధితులని ఆఫీసరు రాసిచ్చిన కాగితంతోనే అక్కడి బళ్ళో చేర్చుకున్నారు, పాత స్కూలు నుంచి టీసీ అడిగినవాళ్ళు లేరు. ఇంట్లో ఆ ప్రాంతం పేరు ఎత్తితే నాన్న అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. అందుకని ఎత్తడం మానేశాను. పాత స్కూల్లో వాళ్ళకు తెలిసింది ఒక్కటే, నాగరత్నం ఊరు లేదు.

కన్ను కుదుటపడ్డాక, మంచు కురిసే రోజుల్లో ఒక పొద్దున్నే బస్సు ఎక్కాను. బెంజి సర్కిలు దాటుతుంటే ముందు సీటు కమ్మీ గట్టిగా పట్టుకున్నాను. రోడ్డుకు రెండు పక్కలా కార్ల షోరూములు, కాలేజీలు, కల్యాణ మండపాలు. కంకిపాడు దాటి లోపలికి ఆటోలో తిరిగాక గానీ కోసిన వరి పనల వాసన తగల్లేదు. ఆ వాసన తగిలాక నాకు దారి చెప్పేవాళ్ళతో పని లేకపోయింది. కాలవ మీద మంచు ఎంత దట్టంగా ఉందంటే వంతెన సగం దాకానే ఉన్నట్టుంది. స్కూలుకు కొత్త గేటు, గోడల నిండా రంగురంగుల బొమ్మలు, ఇంగ్లీషు అక్షరాలు. ధాన్యం కొట్లు పడగొట్టి టైల్సు వేసిన గదులు కట్టారు. మంచినీళ్ళకు స్టీలు కుళాయిలు ఉన్నాయి, ఏ పిల్ల కాళ్ళూ ఉత్తవి కావు, అందరికీ బూట్లు, బెల్టులు. మా రోజుల్లో బెల్టు ఒక్క డ్రిల్లు మాస్టారికే ఉండేది. చూసి సంతోషించాను, నిజంగానే. కానీ గంట మాత్రం ఆ పాత రైలుపట్టా ముక్కే. దాన్ని కొట్టారు, అదే మోత. మనుషుల గొంతులన్నీ మారతాయి, ఇనుము గొంతు మారదు.

పిల్లలు లైన్లలోకి వచ్చారు. నన్నెవరూ పట్టించుకోలేదు, ఏ పిల్ల మామ్మనో అనుకుని ఉంటారు. మంచులో ముందు వరసలు కనిపిస్తున్నాయి, వెనకవి మసకగా ఉన్నాయి. ఎనిమిదో తరగతి ఆడపిల్లల లైను పక్కకు వెళ్ళి నిలబడ్డాను. ఆరో పిల్ల వెనక చోటుంది. సరిగ్గా ఒక పిల్ల పట్టేంత. ఆ తరవాత ఇంకో పిల్ల. చుట్టూ నేలంతా పిల్లల బూట్లకు నలిగి నున్నగా అయిపోయింది. ఆ ఒక్క చోట మాత్రం చిన్న చిన్న గడ్డిపోచలు, వాటి మధ్య కాగితంలో చుట్టిన చిక్కీ. సొంత సమాధిని చూసుకున్నవాళ్ళు ఎలా ఉంటారో నాకు తెలియదు. నాకైతే అంత భయంలోనూ ఆ చిక్కీ తినాలనిపించింది.

పాట అయింది, ప్రతిజ్ఞ అయింది. లెక్క మొదలైంది. ఒకటి, రెండు అంటూ గొంతులు నా వైపు నడిచి వచ్చాయి. ఆరు. ఆ తరవాత బడి అంతా ఆగిపోయింది. నేను ఏమీ ఆలోచించి వెళ్ళలేదు. ముందు హెడ్మాస్టర్ని కలవాలి, నెమ్మదిగా చెప్పాలి అనే అనుకున్నాను. కానీ ఆ నిశ్శబ్దంలో ఎవరో నా జడ చివర పట్టుకుని లాగినట్టయింది. నాకిప్పుడు జడ లేదు, పిడికెడు ముడి మిగిలింది. "ఏడు" అన్నాను.

ఎనిమిదో పిల్ల చెప్పాల్సిన నంబరు చెప్పలేదు. కెవ్వున అరిచింది. లైను విరిగిపోయింది, చిన్న పిల్లలు ఏడుపు అందుకున్నారు, టీచర్లు పరుగెత్తుకొచ్చారు. ఎవరండీ మీరు అని హెడ్మాస్టరు గద్దిస్తున్నారు. వరండా చివర కుర్చీలోంచి తెల్లచీర కట్టుకున్న ఒక మనిషి లేచి, తొందర లేకుండా మెట్లు దిగి వచ్చింది. నడక చూసి పోల్చుకున్నాను. చిన్నప్పుడు కూడా అలాగే కుడికాలు కొంచెం ఈడ్చేది. ఆమె నా ముందుకు వచ్చి ఆగి, నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసింది. కేక వేస్తుందనుకున్నాను, పడిపోతుందేమోనని చెయ్యి కూడా చాచాను. ఎస్తేరు ఆశ్చర్యపోలేదు. "ఇవాళేంటే, గొంతు అట్టా ముసలిదైపోయింది?" అంది.

ప్రహరీ పక్కన అదే ఇల్లు. పెంకులు తీసేసి శ్లాబు వేయించుకుంది. వాళ్ళమ్మ ఫోటో కింద కూర్చోబెట్టి నాకు టీ ఇచ్చింది. నేను ఏడ్చాను, ఏడుస్తూనే చెప్పవలసినదంతా చెప్పాను. అమ్మ, తమ్ముడు, ఖమ్మం, నాన్న మౌనం. అంతా విని, ముక్కు తుడుచుకుని, ఈసారి తను చెప్పింది. నా ఊరు కొట్టుకుపోయిందని తెలిశాక హెడ్మాస్టరు నా పేరు కొట్టేద్దామన్నారట. డ్రిల్లు మాస్టారు ఒప్పుకోలేదు. "శవం చూసినవాళ్ళు లేరు, టీసీ అడిగినవాళ్ళు లేరు. పిల్ల మనదే" అన్నారట. ఏడాది తిరిగాక తరగతంతా తొమ్మిదిలోకి పోయింది. నా ఖాళీ కూడా తమతో పాటు తొమ్మిదిలోకి వస్తుందని ఎస్తేరు అనుకుంది. అప్పుడు కూడా ఆయన అడ్డుపడ్డారు. "పరీక్ష రాయని పిల్లను పైతరగతికి ఎట్లా పంపుతాం? వస్తే ఎనిమిదిలోనే కూర్చోవాలి" అన్నారు. అలా నన్ను ఎనిమిదో తరగతిలోనే ఉంచేశారు. అప్పటి నుంచి ఎన్ని తరగతులు నన్ను దాటి పైకి పోయాయో. ఎస్తేరు చదువుకుని, టీచరై, అడిగి మరీ ఆ స్కూలుకే వచ్చింది, అడిగి మరీ ఎనిమిదో తరగతే తీసుకుంది.

"సరేనే, వచ్చేశాగా" అన్నాను. "హెడ్మాస్టరుగారికి చెప్దాం. రేప్పొద్దున ఆ ఖాళీ లేకుండా లైను జరిపించు. పిల్లలు భయపడి చస్తన్నారు. చాల్లే ఇంక, నన్ను ఆ లైన్లోంచి తీసెయ్."

ఎస్తేరు కప్పు కింద పెట్టింది. "రోజూ వింటన్నా నాగరత్నం. నేను టీచరుగా చేరిన మొదటి రోజు నుంచీ. ఒక్కోనాడు వినపడదు, జొరమొచ్చిందేమో అనుకుంటా. పక్కరోజు మళ్ళీ వచ్చుద్ది. నువ్వు పోయావనే అనుకున్నా, ఇంతకాలం. ఇవాళ నిన్ను చూశాక అది నువ్వు కాదని తెలిసింది."

"మరెవరే?"

"నాతో సోమవారం వస్తానని చెప్పిన పిల్ల" అంది. "నువ్వు ఖమ్మం పోయావు, ఉజ్జోగం చేశావు, ముసలిదానివయ్యావు. సంతోషం. ఆ పిల్ల మాత్రం చెప్పినట్టే వచ్చింది కదా. ఇప్పుడు చోటు మూసేస్తే అదెక్కడికి పోద్దే?"

ఆ పిల్లకు ఉప్పెన తెలియదు. దానికి అమ్మ ఉంది. చెవులు కుట్టించుకోబోయే తమ్ముడున్నాడు. ఈ భూమ్మీద వాళ్ళిద్దరూ ఇంకా బతికున్న చోటు ఏదైనా ఉందంటే అది ఆ గడ్డిపోచల మీద ఉన్న జానెడు చోటే. నేనేమో దాన్ని మూయించడానికి బస్సెక్కి వచ్చాను. ఆ రోజు విజయవాడ తిరిగి వెళ్ళలేదు. ఎస్తేరు చేపల పులుసు పెట్టింది, వాళ్ళమ్మ చేతి రుచి రాలేదని ఇద్దరం ఒప్పుకున్నాం.

మర్నాడు మంచు ఇంకా దట్టంగా ఉంది. గంట కొట్టక ముందే వెళ్ళి, ఆరో పిల్లకూ ఎనిమిదో పిల్లకూ మధ్య ఎస్తేరు ఇచ్చిన రేగొడియం ఒకటి పెట్టి, వచ్చి వరండాలో తన పక్కన నిలబడ్డాను. "నోరు మెదిపావో చూడు" అని ఎస్తేరు వేలు చూపించింది. పాట అయింది, ప్రతిజ్ఞ అయింది. నేను మా డ్రిల్లు మాస్టారిలా చేతులు వెనక్కి కట్టుకుని కళ్ళు మూసుకున్నాను. నాలుగు. ఐదు. ఆరు. బడి ఆగిపోయింది, కాకులు కూడా ఆగిపోయినట్టున్నాయి. పెదవులు బిగించి పట్టుకున్నాను.

ఆ తరవాత ఒక పిల్ల గొంతు, నిన్న అరిచిన పిల్లది, కాస్త వణుకుతూ "ఎనిమిది" అంది. లెక్క ముందుకు సాగింది. ఎస్తేరు నా చెయ్యి పట్టుకుని, "విన్నావా?" అంది.

విన్నాను. పల్చటి గొంతు, మా ఊరి యాస. పొద్దున ఏమీ తినలేదు పాపం.